కంటి దవాఖానలో కొత్త అల్లుడు

ఫిర్దౌస్ డోర్నకల్ స్టేషన్లో రైలెక్కే ముందు, ఇది మానుకోట పోతుందా అని ఒకరిని అడుగుతుంది. ఎక్కి కూర్చున్నాక పక్కనున్న మనిషిని ఇంకోసారి అడుగుతుంది. రోజూ పోయే ప్యాసింజరే, రోజూ ఆగే ప్లాట్‌ఫారమే. అయినా అడుగుతుంది. పాల ప్యాకెట్ కత్తిరించగానే వాసన చూస్తుంది. ఇంటికి తాళం వేసి, సందు చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి తాళం గుంజి చూస్తుంది. వాడకట్టులో అందరూ దీని మీద నవ్వుకుంటారు. ఆమె పట్టించుకోదు.

ఈ గుణం తండ్రి నుంచి వచ్చిందని తల్లి నఫీసా బేగం అంటుంది. తండ్రి జానీమియా డోర్నకల్ జంక్షన్లో రైళ్ల దారి మళ్లించే పట్టాల కాంటాలు మార్చే పని చేసేవాడు. కాంటా కలిసిందని పక్కవాడు చెబితే సరేననేవాడు కాదు. తనే పట్టాల వెంబడి నడిచిపోయి, వంగి, చేత్తో తడిమి చూసుకున్నాకే జెండా ఎత్తేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఫిర్దౌస్ పెళ్లి రెండేళ్లు కూడా నిలవలేదు. ఎందుకని అడిగితే చెప్పదు. తల్లి దగ్గరికి వచ్చేసి, టైపు నేర్చుకుని, కంప్యూటర్ నేర్చుకుని, మానుకోటలో ఒక ట్రస్టు నడిపే కంటి దవాఖానలో పనికి కుదిరింది. ఇప్పుడు ఆమెకు నలభై దాటాయి.

ఆమె పని ఇది. డాక్టర్లు ఊర్లకు పోయి బడి వరండాలో క్యాంపు పెడతారు. ముసలివాళ్ల కళ్లు చూస్తారు. శుక్లం ముదిరిన వాళ్ల పేర్లు కాయితాల మీద రాసుకుని వస్తారు. ఆ కాయితాలన్నీ ఫిర్దౌస్ కంప్యూటర్లో ఎక్కించాలి. ఏ ఊరివాళ్లకు ఏ రోజు ఆపరేషనో చూసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. ఆ పేర్లు వ్యాను నడిపే జయపాల్‌కు ఇస్తే, అతను పొద్దున్నే పోయి వాళ్లను తీసుకొస్తాడు. ఫోన్ చేసినప్పుడు ఫిర్దౌస్ తొందరపడదు. "అవ్వా, ఎవలు మాట్లాడేది? ఏ కన్ను? ఇంట్ల ఎవలున్నరు? షుగర్ గోలీ ఏసుకుంటున్నవా?" అని ఆరా తీస్తుంది. అవతలివాళ్లు విసుక్కున్నా వినదు.

పోయిన ఎండాకాలం దవాఖానకు కొత్త మేనేజర్ వచ్చింది. పేరు స్రవంతి. హనుమకొండ అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. మర్యాద తెలిసిన మనిషి, అందరినీ అక్కా అన్నా అని పిలుస్తుంది. వచ్చిన కొన్నాళ్లకు ఫిర్దౌస్ కంప్యూటర్లో ఒక ఏఐ అసిస్టెంట్‌ను పెట్టించింది.

"అక్కా, ఇగ మీకు సగం పని తప్పుతది" అంది స్రవంతి. "క్యాంపు కాయితాలను ఫోటోలు తీసి ఈ ఫోల్డర్ల పెట్టుండ్రి. అది సదువుకుంటది. షీటు నింపుతది, తారీఖులు ఏస్తది, మెసేజులు పంపుతది, నెల రిపోర్టు కూడా రాస్తది. డౌటొస్తే మిమ్మల్నే అడుగుతది."

"ఎట్ల అడుగుతది?"

"స్క్రీన్ మీద అడుగుతది. మీరు 'సరే' అనో 'వద్దు' అనో నొక్కాలె."

"నేను నొక్కకపోతే?"

"ఆగుతది."

ఫిర్దౌస్ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చుంది. ఆమె చేయి మౌస్ మీద లేదు. కానీ తెర మీద బాణం గుర్తు దానంతటదే కదిలింది. ఫోల్డర్ తెరిచింది, ఒక ఫోటో మీద ఆగింది, షీటులోకి పోయి పేరు రాసింది. నర్సింహులపేట క్యాంపు కాయితాలు. తను ఒక పూటంతా కూర్చుని చేసేది, చాయ్ తాగి వచ్చేసరికి అయిపోయింది.

నర్సు ద్వాళి గుమ్మంలో నిలబడి చూసింది. నర్సింహులపేట దగ్గర తండా పిల్ల, నోరు ఊరుకోదు. "అక్కా, మన దవాఖానకు కొత్త అల్లుడొచ్చిండు! అందరు ఆయన సుట్టే తిరగబట్టిరి" అంది. ఆ రోజు నుంచి దవాఖానలో దాని పేరు అల్లుడే.

ఆ సాయంత్రం ఫిర్దౌస్ ఇంటికి పోయి తల్లితో చెప్పింది. "అమ్మీ, నేను ముట్టుకోకుంటనే అది నడుస్తది."

నఫీసా బేగం బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తింది. "క్యా బోల్తీ బేటీ? జిన్నా, దయ్యమా గది?"

"జిన్నయితే జర నయముండు. దువా సదివితే పోతది. దీన్ని మా మేడమే తెచ్చి పెట్టింది."

మరునాడు ఫిర్దౌస్ మానిటర్ పైనున్న కెమెరా మీద బ్యాండేజీ ముక్క అంటించింది. ఫోన్ మాట్లాడాలంటే బయట వేపచెట్టు కిందికి పోయేది. ఇంటి సంగతులు ద్వాళితో చెప్పాలన్నా అంతే. ఒకరోజు ఎవరూ లేనప్పుడు దాన్నే అడిగేద్దామని టైపు చేసింది: నన్ను చూస్తున్నావా?

"నేను మీ కెమెరాను వాడను. ఈ పని కోసం మీరు తెరిచిన ఫైళ్లను, స్క్రీన్‌ను మాత్రమే చూస్తాను" అని జవాబు వచ్చింది.

"సూస్తున్న అని ఎవలన్న సెప్తరా?" అని గొణుక్కుని, బ్యాండేజీ మీద ఇంకో ముక్క అంటించింది.

ఆమెకు అసలు భయం వేరే ఉంది. అది తన పని నేర్చుకుంటున్నదనీ, పూర్తిగా నేర్చుకున్నాక తనను ఇంటికి పంపుతారనీ ఆమె అనుమానం. అందుకే అది తప్పు చేస్తే బాగుండునని రోజూ ఎదురుచూసింది. ఒకసారి తనే ఒక దొంగ కాయితం రాసింది. పేరు పోచయ్య, వయసు నూట పదహారు, రెండు కళ్లూ కుడి కళ్లే. మిగతా కాయితాల మధ్య పెట్టి ఫోటో తీసింది. కొద్దిసేపటికి తెర మీద ప్రశ్న వచ్చింది: "ఈ వయసు, కంటి వివరం సరిచూడగలరా? ఇది పొరపాటు కావచ్చు." ఫిర్దౌస్‌కు ఒళ్లు మండింది. తన పరీక్ష దానికి అర్థమైపోయిందేమో అనిపించింది.

మొదట్లో అది అడిగిన ప్రతి ప్రశ్ననూ ఆమె అక్షరం అక్షరం చదివేది. కానీ అది రోజంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది. ఈ ఊరి పేరు పెద్దవంగర అని సరిచేయనా? ఈ ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ ఉంది, ఖాళీగా వదలనా? ఈ రిపోర్టును పోయిన నెల ఫోల్డర్లో పెట్టనా? అన్నీ సరైన ప్రశ్నలే. చదివీ చదివీ ఆమెకు విసుగు పుట్టింది. పెద్ద మోసం ఎక్కడ జరుగుతుందా అని చూస్తున్న మనిషి కనుక, ఈ చిన్న ప్రశ్నలను చూడకుండానే వదిలేయసాగింది. ప్రశ్న వస్తుంది, ఆమె వేలు 'సరే' నొక్కుతుంది.

పెద్దవంగర క్యాంపు కాయితాలు ఎక్కించిన రోజు ఆమె మనసు మరీ బాగాలేదు. పక్క గదిలో స్రవంతి ఫోన్లో ఎవరితోనో, "అవును సార్, ఆ సీటు మీద ఇప్పుడు అంత లోడు లేదు" అనడం వినపడింది. తన సీటు గురించేనని ఫిర్దౌస్‌కు తెలుసు. చెవులు గదివైపే పెట్టి కూర్చుంది. అదే సమయంలో తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: "వీరమ్మ, పెద్దవంగర, ఒకే వయసు, ఒకే ఫోన్ నంబరుతో రెండు నమోదులు ఉన్నాయి. ఒకే వ్యక్తిగా కలపనా?"

ఆమె వేలు నొక్కేసింది.

వారం తిరక్కముందే జయపాల్ పెద్దవంగర పోయి వ్యాను నిండా ముసలివాళ్లను తీసుకొచ్చాడు. ఆపరేషన్లు అయ్యాయి. పట్టీలు విప్పారు. అందరినీ మళ్లీ ఊర్లో దింపి వచ్చాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఆ ఊరి ఆశా కార్యకర్త సారక్క బస్సు దిగి నేరుగా ఫిర్దౌస్ టేబుల్ ముందుకు వచ్చింది. ఎండకు మొహం ఎర్రబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏం దవాఖానమ్మా మీది? పేదోళ్లను గిట్లనే సేస్తరా?"

"ఏమైందక్కా? జర నిమ్మలంగ సెప్పు" అంది ఫిర్దౌస్.

సారక్క చెప్పింది. ఆ వాడలో ఇద్దరు వీరమ్మలున్నారు. ఒకామె కొమురయ్య భార్య, ఇంకొకామె సాయిలు భార్య. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఇద్దరికీ ఫోన్ లేదు కనుక క్యాంపులో సారక్క నంబరే రాయించారు. వీరమ్మ గారూ రేపు సిద్ధంగా ఉండండి అని ఆ నంబరుకు ఒక మెసేజ్ వచ్చింది. ఇద్దరికీ కలిపి ఒక్కటే పంపారనుకుని, సారక్క ఇద్దరికీ చెప్పి తను తొర్రూరులో ట్రైనింగ్‌కు పోయింది. పొద్దున వ్యాను వచ్చింది. కొమురయ్య వీరమ్మ ముందుగా ఎక్కి కూర్చుంది. సాయిలు వీరమ్మ బట్టల సంచి పట్టుకుని ఎక్కబోతే, ఒక్క వీరమ్మ పేరే ఉన్నదని జయపాల్ ఆపేశాడు.

"ఆమె ఏం మాట్లాడకుంట ఇంటికి పోయింది" అంది సారక్క. "మొన్న పొద్దుగూకంగ ఇంట్లకు పోతుంటె గడప కనవడక బోర్ల పడ్డది. కుడిచెయ్యి మణికట్టు కాడ ఇరిగింది. తొర్రూరు తీస్కపోయి కట్టు కట్టిపిచ్చినం. ఆ రోజే మీరు తీస్కొస్తే పడునా?"

మాటలు విని స్రవంతి గదిలోంచి వచ్చింది, వెనకే ద్వాళి. ఫిర్దౌస్ లేచి నిలబడింది. ఇన్ని నెలలుగా ఎదురుచూసిన తప్పు ఇదిగో, చేతికి దొరికింది.

"నేను మొదాలే అనుకున్న మేడం!" ఆమె గొంతు వరండా దాకా వినపడింది. "మనిషయితే మీ ఇంటాయన పేరేంది అని అడుగుతుండె. ఇద్దరు మనుషులను ఒక్కల్ని సేసింది గీ మిషిను! దీని సేతిల..."

అక్కడ ఆగిపోయింది. తెర మీద ఆ ప్రశ్న, తన వేలు, పక్క గదిలోని ఫోన్ మాటలు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ సంగతి గదిలో ఇంకెవరికీ తెలియదు. సారక్క కంప్యూటర్ వైపు కోపంగా చూస్తోంది. ద్వాళి కూడా అల్లుడి మీదే నింద వేయడానికి సిద్ధంగా ఉంది. ఊరుకుంటే అయిపోయేది.

"దాన్నే అడుగుదాం" అంది స్రవంతి. కుర్చీ లాక్కుని, పెద్దవంగర వీరమ్మల విషయంలో ఏం జరిగిందో చెప్పు అని టైపు చేయసాగింది.

అది చెబుతుందని ఫిర్దౌస్‌కు తెలుసు. ఏ రోజు, ఎవరు నొక్కారు, అంతా చెబుతుంది. దాని నోటితో వినడం కంటే తన నోటితో చెప్పడమే నయమనిపించింది.

"మేడం" అంది. "నొక్కింది నేనే. కలపనా అని అడిగింది. సదవకుంట సరే నొక్కిన."

ఈలోపు జవాబు తెర మీదికి వచ్చింది. స్రవంతి పైకి చదివింది: "రెండు నమోదులను నేను ఒకటిగా కలిపాను. కలిపే ముందు అడిగాను, అనుమతి వచ్చింది. అయితే భర్తల పేర్లు వేరుగా ఉన్నాయన్న విషయం ఆ ప్రశ్నలో నేను చూపించలేదు. అది చూపించి ఉంటే తేడా తెలిసేది. ఆ పొరపాటు నాది. దీనివల్ల ఒకరికి చికిత్స ఆగిపోయినందుకు చింతిస్తున్నాను."

"సూసినవా అక్కా, మంచిగనే ఒప్పుకున్నది" అంది ద్వాళి మెల్లగా.

"గదే నాకు మంచిగనిపిస్త లేదు" అంది ఫిర్దౌస్. "చింతిస్తున్న అంటది. దానికేం చింత? చెయ్యి ఇరిగింది దానిదా? నన్నెందుకు ఎనకేసుకొస్తున్నదో కూడ సమజ్ అయితలేదు."

ఆ సాయంత్రం స్రవంతి ఆమెను గదికి పిలిచింది. తన సీటు సంగతి తేలిపోయిందని ఫిర్దౌస్ అనుకుంది. కానీ స్రవంతి, "ఇది మళ్ల కాకుండ ఏం చేద్దాం అక్కా?" అని అడిగింది.

"మనుషులను కలిపే పని దానికియ్యొద్దు. ఒక్క తీరు పేర్లుంటే రెండు కాయితాలు పక్కపక్కకు పెట్టి నాకు సూపియ్యాలె. వ్యాను పోయే ముందు ఫోన్ నేనే సేస్త. మెసేజును మా ఊరోళ్లు నమ్మరు, నేనూ నమ్మ."

"అందరికీ ఫోనంటే దినమంత అయితది."

"కానీయుండ్రి."

స్రవంతి ఒప్పుకుంది. షీట్లూ రిపోర్టులూ అది చేయాలని, వ్యాను పేర్లు మాత్రం ఫిర్దౌస్ ఫోన్ చేసి తేల్చాలని చెప్పింది. లేచేటప్పుడు ఫిర్దౌస్ ఉండబట్టలేక అడిగేసింది. "మేడం, నా సీటు మీద లోడు లేదని ఆ రోజు ఎవలికో సెప్తుండ్రి."

స్రవంతి ఆశ్చర్యపోయింది. "భూపాలపల్లి వైపు ఇంకో క్యాంపు మొదలుపెట్టమంటున్నరు అక్కా. ఎవలు సూస్తరంటే, మీరు సూడగలరని చెప్పిన."

ఫిర్దౌస్ తలూపింది. పూర్తిగా నమ్మలేదు. కానీ ఆ మాట పట్టుకుని ఇన్నాళ్లు తిన్నది తిన్నట్టు లేకుండా గడిపానని మాత్రం ఆమెకు తెలిసింది.

రెండు రోజుల తర్వాత ఆమె ద్వాళిని వెంటబెట్టుకుని తొర్రూరు మీదుగా పెద్దవంగర పోయింది. సాయిలు వీరమ్మ ఇంటి ముందు మంచంలో కూర్చుని ఉంది. కుడిచేతికి సిమెంటు కట్టు. కోడలు అరుణ చాటలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. దవాఖాన నుంచి వచ్చామనగానే ముసలామె మొహం తిప్పుకుంది.

"ఎందుకొచ్చిండ్రు? ఆ వీరమ్మ కొడుకు పెద్దోళ్ల ఎంబడి తిరుగుతడు, ఆమెను ఎక్కిచ్చుకున్నరు. నాకెర్కలేదా?"

"అట్ల కాదవ్వా" అంది ఫిర్దౌస్, మంచం పక్కన నేల మీద కూర్చుంటూ. "కంప్యూటర్ల మీ ఇద్దరిని ఒక్కలే అనుకున్నం."

"మేమిద్దరం ఒక్క తీరుగ ఉంటమా? ఆమె పొట్టిది."

అరుణకు నవ్వొచ్చి తల దించుకుంది. ఫిర్దౌస్ నవ్వలేదు. "మిషిను అడిగింది అవ్వా. నేను సూడకుంట సరే అన్న. తప్పు నాది. మళ్ల తీస్కపోతందుకొచ్చిన."

వీరమ్మ ఎడమచేయి నుదుటికి అడ్డం పెట్టుకుని, ఆమె మొహం ఎక్కడుందో వెతికినట్టు చూసింది. "నిజమే సెప్తున్నవని నాకెట్ల తెల్వాలె? మొన్న గూడ రమ్మన్నరు. సంచి సదురుకొని పొద్దుగాల్నే నిలవడ్డ. ఎక్కొద్దన్నరు. నలుగురి ముంగట సిన్నబోయిన మొహం తీస్కొని ఇంటికొచ్చిన బిడ్డా."

ఫిర్దౌస్ తనైతే ఏం చెబితే నమ్మేదో ఆలోచించింది. కాయితం చూపిస్తే నమ్మేది కాదు. డాక్టరుతో ఫోన్లో మాట్లాడిస్తే అసలే నమ్మేది కాదు.

"నమ్మకు అవ్వా" అంది చివరికి. "చెయ్యి జర మంచిగైనంక నేనే వ్యాన్ల వస్త. నీ ఇంటి ముంగట ఆపిపిస్త. నన్ను సూసినంకనే ఎక్కు."

"ఎక్కినంక నువ్వు దిగిపోతే?"

"నీ పక్కకే కూసుంట. నా కొంగు పట్టుకో."

కోడలు లోపలికి పోయి చాయ్ పెట్టి తెచ్చింది. ఫిర్దౌస్ ఆ చాయ్ మాత్రం వాసన చూడకుండా తాగిందని ద్వాళి తర్వాత దవాఖానలో చెప్పి నవ్వింది.

వీరమ్మ చేతి కట్టు విప్పిన తర్వాత ఫిర్దౌస్ అన్నట్టే వ్యానులో పోయింది. జయపాల్ ముందుగా దిగి, "అవ్వా, ఆ రోజు జర తొందరవడ్డ, మనసుల పెట్టుకోకు" అన్నాడు. వీరమ్మ అతనితో మాట్లాడలేదు కానీ చేయి అందిస్తే పట్టుకుంది. మానుకోట వచ్చేదాకా ఫిర్దౌస్ కొంగు వదల్లేదు. ఆపరేషన్ గది గుమ్మం దగ్గర కూడా, "నువ్వు ఈన్నే ఉంటవు గద" అని అడిగింది. ఫిర్దౌస్ ఆ పూట పనంతా పక్కనబెట్టి బల్ల మీద కూర్చుంది. తన గదిలో కంప్యూటర్లో అది ఒక్కటే ఏం చేస్తోందో అని మధ్యమధ్య మనసు లాగింది. రెండుసార్లు లేచిపోయి తలుపు సందులోంచి చూసి వచ్చింది.

మరునాడు డాక్టర్ పట్టీ విప్పాడు. వీరమ్మ కాసేపు గోడను చూసింది, తర్వాత తన చేతి గాజులను, తర్వాత ఫిర్దౌస్ మొహాన్ని.

"నువ్వు ఇంత పెద్దదానివా?" అంది. "గొంతు ఇని పోరివి అనుకున్న."

ద్వాళి పగలబడి నవ్వింది. ఫిర్దౌస్‌కు కూడా నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంది.

భూపాలపల్లి క్యాంపు మొదలైంది. ఫిర్దౌస్ అక్కడికీ పోయి వస్తోంది. కంప్యూటర్లో అది అలాగే ఉంది, షీట్లు నింపుతూ, రిపోర్టులు రాస్తూ. ఆమె దానితో ఇప్పటికీ మంచిచెడ్డా మాట్లాడదు. అది ఏదైనా అడిగితే మాత్రం పెదాలు కదుపుతూ మొత్తం చదువుతుంది. చాలాసార్లు 'వద్దు' నొక్కి, తనే చేసుకుంటుంది. పని కొంచెం ఆలస్యమవుతుంది. స్రవంతి ఏమీ అనదు.

అంతకు ముందు, వీరమ్మను ఇంటికి పంపిన రోజు మందుల చీటీ చేతికిస్తూ ఫిర్దౌస్ చదివి వినిపించింది. చుక్కలు ఎప్పుడు వేసుకోవాలి, తలకు నీళ్లు ఎన్నాళ్లు పోసుకోవద్దు, కన్ను ఎర్రబడితే ఎవరికి చెప్పాలి.

వీరమ్మ ఆ చీటీని వెలుతురుకు పట్టి, ఒక కంటితో అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది నువ్వు రాసినవా, ఆ మిషిను రాసిందా?"

"మిషినే రాసింది అవ్వా. నేను సదివి సూసిన."

"అయితే ఇంకోపారి సదువు" అని వీరమ్మ మంచం మీద సర్దుకుని కూర్చుంది. వ్యాను బయట హారన్ కొడుతోంది. ఫిర్దౌస్ కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి వరస నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టింది.